తొమ్మిదో పాటలో రెండో చరణం

తూనికల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషికి తూచే జబ్బు అంత తొందరగా వదలదు. ఆయన వంటింటి గట్టు మీద సొంత త్రాసు ఒకటి ఉంది. కొట్టు నుంచి వచ్చిన పప్పూ ఉప్పూ దాని మీదెక్కి దిగితే గానీ డబ్బాల్లోకి పోవు. బజార్లో ఆయన గొడుగు కనబడితే చాలు, దుకాణాల వాళ్లు తూకపు రాళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టేవాళ్లు. వెనకాల అందరూ ఆయన్ని 'ఉడుంపట్టు' అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి, ఎవరో పిలిచి బిరుదిచ్చినట్టు మురిసిపోయేవాడు.

ఆయన భార్య తీరు వేరు. ఆవిడకు మాటలు రాక కాదు, ఆయన ఉన్నచోట మాట్లాడే సందు దొరక్క. పెళ్లికి ముందు ఆవిడ సినిమా పాటల్లో బృందంలో పాడేది. పదిమంది ఆడపిల్లలు ఒకే మైకు ముందు నిలబడి, 'ఆ' అనమంటే 'ఆ', 'ఓ' అనమంటే 'ఓ' అనే ఉద్యోగం. కాపురానికొచ్చిన కొత్తలో వంటింట్లో కూనిరాగం తీస్తే, ముందు గదిలోంచి ఆయన పరుగెత్తుకొచ్చి "పిలిచావా?" అనేవాడు. లేదంటే వెళ్లిపోతాడా? ఎలాగూ వచ్చాను కదా అని, ఆ రోజు పట్టుకున్న దొంగతూకం కథ ఎత్తుకునేవాడు. నాలుగుసార్లు చూసి ఆవిడ పాడడమే మానేసింది. అలిగిందీ లేదు, సాధించిందీ లేదు. ఆ ఇంట్లో వినే చెవులు రెండే ఉన్నాయి, అవి ఆవిడవి.

కానీ ఒక్క పాటలో మాత్రం ఆవిడ ఒంటరిగా పాడింది. ఆ రోజు ప్రధాన గాయనికి రెండో చరణం దగ్గర దగ్గు తెర పట్టుకుంది. మంచినీళ్లు తాగినా తగ్గలేదు. స్టూడియో వేరేవాళ్లకు అప్పగించే వేళ దగ్గర పడుతోంది. సంగీత దర్శకుడు చుట్టూ చూసి, "ఏయ్, ఆకుపచ్చ చీరా, నువ్వు రా!" అన్నాడు. రెండే రెండు వరుసలు. పాడింది. ఎలా పాడిందో మాత్రం ఆవిడకు తెలియలేదు. బృందంవాళ్లను అద్దాల గదిలోకి రానిచ్చేవారు కాదు. పాడినదాన్ని మళ్లీ వేయించుకుని వినే భాగ్యం పెద్దవాళ్లకే. ఆవిడ చూసేలోపే, వారం తిరక్కుండానే, ఆ సినిమా హాళ్లలోంచి ఎత్తేశారు. పాట రేడియోలో కూడా రాలేదు. అప్పట్నుంచీ ఆవిడకు ఒకటే పీకులాట: పైకి వెళ్లిన ఆ చివరి స్వరం అందిందా, లేదా? ఒక్కసారి, తన ఇంట్లో, ఎవరూ లేనప్పుడు వింటే చాలు.

ఇన్నేళ్లకు ఏదో కంపెనీ పాత పాటలు ఏరి ఒక డిస్కుగా వేసింది. కొట్లో అట్ట వెనక పాటల పేర్లు చదువుతూ తొమ్మిదో పేరు దగ్గర ఆవిడ ఆగిపోయింది. బేరం కూడా ఆడకుండా కొనుక్కుని, దాన్ని పైటచెంగు చాటున పెట్టుకుని ఇంటికి వచ్చింది.

ఇంట్లో పాత టేప్‌రికార్డరు ఎప్పుడో మూలపడింది. ఉన్నది కొడుకూ కోడలూ వాడుకునే ల్యాప్‌టాప్ కంప్యూటరే. కోడలు డిస్కు అందులో పెట్టింది. లోపల ఏదో గుర్రుగుర్రుమంది. తెర నల్లబడింది. మళ్లీ పెట్టింది. మళ్లీ గుర్రు.

"అత్తయ్యా, దీనికి తాళం వేశారు," అంది కోడలు కాసేపు అటూ ఇటూ నొక్కి చూసి. "ఎవరూ కాపీ తీసుకోకూడదని. కంప్యూటర్లో పెడితే మొరాయిస్తుంది. మామూలు ప్లేయర్లలో కూడా కొన్నిట్లోనే పాడుతుందట. అట్ట లోపల చీమతలకాయంత అక్షరాల్లో హెచ్చరిక వేశారు."

"నేను కాపీ ఎక్కడ తీస్తున్నానే? వింటానంటున్నా, అంతే."

"ఆ తేడా దానికేం తెలుసు? ఓ పని చేద్దాం. తాళం తీసే ఉపాయం నాకు తెలుసు. ఐదు నిమిషాల్లో ఇంకో డిస్కులోకి ఎక్కించేస్తా. హాయిగా వినండి."

ఆవిడ ప్రాణం లేచొచ్చింది. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలి కదా. పూజారి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"తాళం తీస్తావా? నా ఇంట్లోనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మనం కొనుక్కున్నదే కదా మామయ్యా. మనింటికి మనం కన్నం వేసుకుంటామా?"

"తప్పు తప్పే. ఆ తాళం తీయాల్సింది నువ్వు కాదు, వేసినవాడు. వాడి చేతే తీయిస్తా!"

"ఏమండీ, అందులో నా గొంతుంది," అంది ఆవిడ మెల్లిగా.

"ఉండనీవోయ్, ఎక్కడికి పోతుంది? ముందు వీళ్ల సంగతి తేలనీ," అని ఆయన అప్పుడే గొడుగు అందుకున్నాడు. రిటైరయ్యాక ఆయన ముఖంలో అంత వెలుగు ఆవిడ చూడలేదు.

కొట్టాయన డిస్కును కళ్లతో చూసి, చేత్తో ముట్టుకోకుండానే, "విప్పిన సరుకు తీసుకోమండీ," అన్నాడు.

"విప్పకుండా ఎలా వింటారయ్యా?"

"విన్నాక మేమెలా తీసుకుంటామండీ?"

"వినలేకపోయామనే కదా తెచ్చింది!"

"వినలేదంటే ఇంకా మంచిది, కొత్తదానికింద లెక్క. జాగ్రత్తగా దాచుకోండి." కొట్టాయన దాన్ని తన ప్లేయర్లో పెట్టాడు. మొదటి పాట వాద్యాలు ఖంగున మోగాయి. రెండో మాట వినబడకముందే బయటికి లాగేశాడు. "చూశారుగా. పాట బంగారంలా ఉంది. మీ మెషీను మార్చుకోండి."

"కూర బాగాలేదంటే నాలుక మార్చుకోమన్నట్టుందే నీ వరస!"

ఆవిడ బయట మెట్టు మీద నిలబడి వింటోంది. తొమ్మిదోది వేయమని అడగొచ్చు. కానీ లోపల అగరొత్తులు కొనేవాళ్లూ, బ్యాటరీలు కొనేవాళ్లూ కిక్కిరిసి ఉన్నారు. స్వరం తప్పి ఉంటే వాళ్లందరి మధ్యా వినాలి. వద్దులే అనుకుంది.

ఇంటికి రాగానే కోడలు అత్తగారికి కన్ను గీటింది. ఆయన భోజనం చేసి నడుం వాల్చాక పని కానిచ్చేద్దామని దాని అర్థం. అత్తగారు తల ఊపింది కూడా. తీరా చూస్తే డిస్కు లేదు. ఇన్‌స్పెక్టరు దాన్ని గుడ్డసంచిలో పెట్టి, నోరు పురికొసతో బిగించి, ముడి మీద లక్క కరిగించి పోసి, పాత ఉద్యోగపు ముద్ర వేసి బీరువాలో పెట్టాడు.

"సాక్ష్యం," అన్నాడు గర్వంగా. "ఇక దీన్ని వినియోగదారుల ఫోరంలోనే విప్పేది."

"కంపెనీవాడు ఒక తాళం వేస్తే మా మామయ్య రెండో తాళం వేశారు," అంది కోడలు. ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొగుడు తన తరఫున యుద్ధానికి వెళ్తుంటే వద్దనడానికి నోరు రాదు. కానీ ఆ యుద్ధం ఎందుకు మొదలైందో ఆయన అప్పుడే మర్చిపోయాడని మాత్రం ఆవిడకు తెలిసిపోయింది.

ఫోరంలో వాయిదాలు పడ్డాయి. ఒకసారి కంపెనీ వకీలు రాలేదు. ఒకసారి వకీలు వచ్చాడు, కరెంటు రాలేదు. ఇంకోసారి అందరూ వచ్చారు, అధ్యక్షుడికి పంటినొప్పి. ఇన్‌స్పెక్టరు మాత్రం ప్రతి వాయిదాకీ పెళ్లికి వెళ్లినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, రాత్రి భోజనాల దగ్గర ఆ విశేషాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆవిడ పెరుగు వడ్డిస్తూ బీరువా వైపు చూసేది.

చివరికి విచారణ రోజు వచ్చింది. ఫైళ్ల బరువుకి కిటికీ కూడా మూతపడని గది. డిస్కు కొన్నది ఆవిడ గనక ఆవిడ రాక తప్పలేదు. పక్కనే కోడలు, ఒళ్లో కంప్యూటరుతో. అధ్యక్షుడు పెద్దమనిషి, బుగ్గన లవంగం పెట్టుకుని గోడగడియారం వైపు చూస్తున్నాడు. కంపెనీ వకీలు కుర్రవాడు. తళతళలాడే ప్లేయరొకటి పొత్తిళ్లలో బిడ్డను తెచ్చినట్టు తువ్వాలులో చుట్టి తెచ్చాడు.

"అయ్యా, మా కంపెనీ అమ్మింది పాట కాదు," అన్నాడు వకీలు. "పాట వినడానికి అనుమతి మాత్రమే."

ఇన్‌స్పెక్టరు ఎగిరి లేచాడు. "అనుమతి ఇచ్చారుగా? మరి వినబడదేం?"

"అనుమతి ఇచ్చామండీ. వినబడుతుందని ఎక్కడా మాటివ్వలేదే!"

ఆ మాటకు ఇన్‌స్పెక్టరు గుమ్మడికాయంత ఫైలు తెరిచి అందుకున్నాడు. సొట్ట పెట్టిన నూనె కొలపాత్రల దగ్గర మొదలుపెట్టి, బోలు తూకపు రాళ్ల మీదుగా, అడుగున బంక అంటించిన త్రాసుల దాకా వచ్చాడు. అధ్యక్షుడి బుగ్గలో లవంగం అరిగిపోయింది.

"చాలు చాలు," అన్నాడాయన. "ఆ సంచి విప్పండి. వేసి చూద్దాం."

లక్క ముద్ర పగలగొట్టారు. ముందు కోడలి కంప్యూటర్లో పెట్టారు. గుర్రు, గుర్రు, నల్ల తెర. ఇన్‌స్పెక్టరు మీసం దువ్వుకున్నాడు. తర్వాత వకీలు తన ప్లేయర్లో పెట్టి, "ఏ పాట వేయమంటారు?" అన్నాడు.

"ఏదైతేనేం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తొమ్మిదోదండీ," అంది ఆవిడ. అంతవరకూ ఆ గదిలో వినబడని గొంతు కావడంతో అందరూ తల తిప్పి చూశారు.

పాట మొదలైంది. పల్లవి. మొదటి చరణం. బృందంలో తామంతా కలిసి అన్న 'ఆ'. ఆవిడ చీరకొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఇన్‌స్పెక్టరు ఫైల్లో తర్వాతి పేజీ వెతుక్కుంటున్నాడు.

'వాన వెలిసిన వాకిట్లో, ఎవరివో అడుగుల జాడలు...'

ఇరవయ్యేళ్ల పిల్ల గొంతు. భయం భయంగా అడుగు పెట్టి, రెండో వరుసకు ధైర్యం తెచ్చుకుని, పైకి, ఇంకా పైకి వెళ్లింది. ఆవిడ ఊపిరి బిగబట్టింది. అందింది. కాస్త కింద నుంచి జారి పట్టుకుంది గానీ, అందింది! అమ్మయ్య అనుకుంది ఆవిడ. ఏడుపేం రాలేదు. గర్వం వచ్చింది, పొంగిన పాలలా వచ్చింది. బాగా పాడాను, నిజంగా బాగా పాడాను అనుకుంది.

పాట అయిపోయింది. ఇన్‌స్పెక్టరు ఫైలు మీద వేలు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"విన్నారుగా," అన్నాడు వకీలు. "డిస్కు భేషుగ్గా పాడుతోంది. కాదంటారేమో అడగండి."

"ఏమంటారు?" అన్నాడు అధ్యక్షుడు.

"ఇంకోసారి వేయించండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అది కాదండీ, మీకు అభ్యంతరం ఉందా, లేదా?"

"అభ్యంతరమా? ఎంత బాగుందో!"

"రాసుకోండి సార్!" అని వకీలు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "ఎంతో బాగుందట!"

కోడలు నెత్తి కొట్టుకుంది. ఇన్ని వాయిదాల కేసు కళ్లముందే నీళ్లపాలవుతోంది. ఉడుంపట్టు మనిషి కట్టు తెగిన మోపులా కుర్చీలో జారిపోయి ఉన్నాడు. ఆయనిక ఇవాళ మాట్లాడడని ఆవిడకు అర్థమైంది. లేచి నిలబడింది.

"అయ్యా, డిస్కు కొన్నది నేను. వకీలు గారి పెట్టెలో పాడింది, నిజమే. మరి ఆ పెట్టె మా ఇంట్లో పెట్టి వెళ్తారేమో అడగండి."

"అది కంపెనీ సొత్తమ్మా," అన్నాడు వకీలు గబుక్కున.

"చూశారా. పెట్టె వాళ్లదే. పాట కూడా వాళ్లదేనట. తాళం సరేసరి. మరి నేను డబ్బు పోసి కొన్నదేమిటండీ? అట్టముక్కా?"

అధ్యక్షుడు గడియారం వైపు చూడడం మానేశాడు.

"ఇంకో మాట. అందులో రెండో చరణం మొదటి రెండు వరుసలూ పాడింది నేనే. పాడిననాడు, నువ్వు బృందంలో పిల్లవి, లోపలికి రాకూడదన్నారు. సరేనని గుమ్మం బయటే నిలబడ్డాను. ఇవాళ కొనుక్కున్నాక కూడా బయటే నిలబెడితే ఎలా బాబూ?"

టైపు కొట్టే గుమాస్తా చేతులు ఆగిపోయాయి. అధ్యక్షుడు గొంతు సవరించుకుని, అన్ని ప్లేయర్లలోనూ పాడే డిస్కు ఈవిడకు ఇవ్వాలనీ, అట్ట మీద ఆ హెచ్చరిక ముందువైపు, కళ్లున్నవాళ్లకు కనబడేట్టు వేయాలనీ చెప్పాడు. చెప్పి, "రాతకోతలకు ముందు సాక్ష్యం సరిగ్గా పరిశీలించాలి. ఆ పాట మళ్లీ వేయండి," అన్నాడు. వకీలు మళ్లీ వేశాడు. ఈసారి పక్కగదిలోని జనం కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

కోడలు ఆఫీసుకు వెళ్లిపోయింది. మొగుడూ పెళ్లాలిద్దరూ బస్టాపు దాకా నడిచారు. గెలిచిన కేసు గురించి ఆయన ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. ఆవిడకు కంగారు పుట్టింది.

"ఒంట్లో బాగానే ఉందా?"

ఆయన తలూపాడు. "ఇంత బాగా పాడతావని నాకెప్పుడూ చెప్పలేదేమోయ్?" అన్నాడు.

"చెప్పడానికేముంది? పాడాను కదా. మీరు మాట్లాడుతున్నారు."

ఆయన ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచి, ఆవిడ ముఖంలోకి చూసి, మళ్లీ మూసుకున్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి చూసింది. నిజంగానే ఊరుకున్నాడు. అప్పుడు మెల్లిగా ఆ రెండు వరుసలూ ఎత్తుకుంది. బస్సు వచ్చి ఆగింది. వాళ్లు ఎక్కకపోవడంతో కదిలి వెళ్లిపోయింది.