మాత్రకు ముందటి ఫొటో

విశాలాక్షిని మాత్ర పాడుచేసింది. అందులో జానకిరామయ్యకు అనుమానం లేదు. మందులు మెదడును ఎలా ఆడిస్తాయో ముప్పై ఏళ్లుగా ఎలుకల మీద చూస్తున్నవాడికి కట్టుకున్నదాని సంగతి తెలియదా?

చేతి వణుకుకి డాక్టరు రాసిన మాత్ర అది. మెదడులో డోపమైన్ చేయాల్సిన పని అది చేస్తుంది. వణుకు తగ్గుతుంది. కొందరికి కొత్త పిచ్చి పుడుతుంది. ఆ మందు పడ్డ ఎలుక గింజ రాలకపోయినా మీట నొక్కుతూనే ఉంటుంది. యాభై ఎనిమిదేళ్ల విశాలాక్షి, మాత్ర మొదలుపెట్టిన రెండో నెలలో పట్టుచీర కట్టుకుని ఫిల్మ్‌నగర్ పోయి, తల్లి వేషం ఇమ్మని సినిమా ఆఫీసుల మెట్ల మీద కూర్చుంది. జానకిరామయ్య పట్టుబట్టి మాత్ర మాన్పించాడు. మెట్లెక్కడం ఆగింది. తర్వాత మాట ఆగింది, తిండి ఆగింది. గోడవైపు తిరిగి పడుకుని ఎనిమిది నెలలకు పోయింది.

మూడేళ్లుగా ప్రతి ఉపన్యాసంలోనూ పేరు తీసేసి ఆ కథే చెబుతున్నాడు. ఈమధ్య వ్యాసంగా రాసి పత్రికకు పంపాడు. వాళ్లు ఒక్కటే అడిగారు: మందుకు ముందు ఈ కోరిక లేదనడానికి ఆధారమేమిటి?

అప్పటినుంచి ఆయనకు కుదురు లేదు. కూర్చోలేడు, పడుకోలేడు. ఎలుకల గదిలోకి పోయి, ఎందుకు వచ్చాడో మర్చిపోయి బయటికొస్తాడు. నాలుగో రోజు పొద్దున్నే షేక్‌పేటలో ఇంటికి తాళం వేసి ఫిల్మ్‌నగర్‌కి నడిచాడు. ఆమె దిండు కింద దొరికిన ఖాళీ కవరు మీద అంతోని అనే ఫొటోగ్రాఫరు చిరునామా ఉంది. ఫొటో వెనక తేదీ ముద్ర ఉంటుంది. అది మాత్ర మొదలుపెట్టాక పడిందైతే చాలు.

మేడమెట్ల కింద ఇరుకు గదిలో ఉంది స్టూడియో. వేషాల కోసం వచ్చేవాళ్లకి ఫొటోలు తీసి ఆఫీసులకు పంపడం అంతోని పని.

"విశాలాక్షి భర్తని."

"ఓహో, ఎలుకల మాస్టారా! అక్కయ్యగారు అలాగే అనేవారండీ. కూర్చోండి."

"కూర్చోను. ఆమె ఫొటో వెనక తేదీ చూపించు."

"ఏ ఫొటోదండీ?"

"ఎన్ని తీశావేంటి?"

అంతోని అట్టపెట్టె దించి బల్ల మీద పరిచాడు. పదకొండు ఫొటోలు.

"ఏడాదికొకటండీ. మీ పెళ్లిరోజున వచ్చేవారు. ఆ రోజు మీకు గుర్తుండదట, ఆవిడకి తీరిక దొరికేదట."

జానకిరామయ్య ఒక్కొక్కటే తిరగేశాడు. మొదటి ఫొటోలో జుట్టు నల్లగా ఉంది, చెయ్యి నిలకడగా ఉంది. వెనక ముద్ర మాత్రకంటే పదేళ్లు ముందుది.

"పదేళ్లనుంచీ ఆఫీసులకు పంపుతున్నావా?"

"పంపనా అంటే 'అమ్మో, ఆయనకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా' అని నవ్వేవారు. ఆఖరి ఏడాది మటుకు 'భయం పోయింది అంతోనీ, పంపెయ్' అన్నారు. పంపాను. వేషం కూడా వచ్చిందండీ, నాలుగు రోజుల పని. ఆఫీసువాళ్లు ఫోను చేస్తే మీరే కదా ఆవిడ చేతిలోంచి లాక్కుని 'దీనికి పిచ్చి, మళ్లీ పిలిస్తే కేసు పెడతా' అన్నారు?"

అన్నాడు. గుర్తుంది.

"పదేళ్లు నాకొక్క ముక్క చెప్పలేదు" అన్నాడు జానకిరామయ్య. గొంతులో కోపమే ఉంది.

"చెబితే ఏమనేవారండీ?"

ఏమనేవాడో ఆయనకి తెలుసు. మాటతో సహా తెలుసు.

మాత్ర ఏ కోరికా పుట్టించలేదు. బెదురు తీసేసింది, అంతే. ఆ బెదురుని మళ్లీ తెచ్చి ఆమెలో పెట్టింది మాత్రం తనే.

ఆయన ఫొటోలన్నీ బోర్లా పెట్టాడు.

"పట్టుకెళ్లండి మాస్టారూ, మీవేగా."

"నావి కావు."

రోడ్డు మీదికి వచ్చేసరికి ఫోను మోగింది. తన దగ్గర పరిశోధన చేసే బోరబండ పిల్ల, వర్ణిక.

"సార్, తారీఖు దొరికిందా? ఇయ్యాల జవాబు పంపాలె."

"వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని రాసెయ్."

"ఏంది సార్! ఎందుకని అడిగితే ఏం జెప్పాలె?"

"ఏమీ చెప్పొద్దు."

"పోనీ రేపటి ఉపన్యాసంల అయినా ఆమె ముచ్చట ఉంటది గద సార్? అందరు దాని కోసమే వస్తరు."

ఆయన అప్పటికే దిగువకి నడుస్తున్నాడు. పక్కన మోగుతున్న హారన్లకి తప్పుకోలేదు.

"ఎలుకల గురించి చెబుతాను. ఆవిడ మాట ఇక నా నోట రాదు. నువ్వూ ఎత్తకు."