ఎనుముకొండ

"జాయ్ మన కొండను కొరియావాళ్లకు అమ్మేసినాడంట" అని అంగడి సుబ్బరత్నమ్మ అన్నదట. ఆమెకు ఆ మాట పాలకేంద్రం దగ్గర గంగప్ప చెప్పాడట. పొద్దు గుంకేసరికి ఊరవతల కాలనీవాళ్ల నోళ్లలో ఆ కొండ మీదికి గాలిమరలు కూడా ఎక్కేశాయి.

జాయ్ అమ్మింది కొండను కాదు, కొండ బొమ్మను.

బెంగుళూరులో అతనిది కంప్యూటర్ ఆటల్లో వెనక కనిపించే దృశ్యాలు గీసే ఉద్యోగం. నార్వే మంచు, జపాన్ వెదురుతోపులు, తాను ఎన్నడూ తొక్కని నేలలన్నీ ఏళ్ల తరబడి గీస్తున్నాడు. పక్క కుర్చీ మనిషితో మాటలు కూడా తెర మీదే, ఇంగ్లీషులోనే. అమ్మ పోయాక ఫోనులో "అన్నం తింటివా నాయనా" అనేవాళ్లు లేరు. ఆదివారాలు నోరు విప్పకుండానే గడిచిపోయేవి.

'మీ సొంత ఊరిని గీసి పంపండి, కొంటాం' అని కొరియాలోని సియోల్‌లో ఒక ప్రదర్శనవాళ్లు అడిగారు. ఫోటో చూడకుండా, మనసులో ఉన్నది ఉన్నట్టు గీశాడు. కింద 'ఏనుగుకొండ' అని రాశాడు. అక్కడివాళ్లు దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగారు. వాళ్లకు అది ఏ కొండైనా ఒకటే. 'ఇది మనదే' అనగలిగినవాళ్లు ఈ కాలనీలోనే ఉన్నారు. ఆ ఒక్క మాట కోసం పెద్ద అచ్చు తీయించి, చుట్టగా చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వరండా గోడకు తగిలించాడు.

"ఏమప్పా, కొండను మాకేమన్నా మిగిల్చినావా?" అన్నాడు చర్చి పెద్ద యేసన్న. అందరూ నవ్వారు.

"అది ఆడ్నే ఉండాది మామా. ఇది బొమ్మ."

"ఎర్రమన్ను రంగు అట్లే దిగిందన్నా. నాకూ పంపు, ఫోన్లో పెట్టుకుంటా" అన్నాడు యేసన్న కొడుకు వీరేష్.

మేనత్త మారెమ్మ జనంలోంచి ముందుకొచ్చింది. ఆ కొండ కింద ఎనుములు, అంటే గేదెలు, మేపిన మనిషి. బొమ్మకు ముక్కు ఆనేంత దగ్గరికి పోయి చూసింది.

"ఈ పొడుగ్గా జారిందేందిరా?"

"తొండం అత్తా. ఏనుగుకొండ గదా."

ఆమె వెనక్కి తిరిగింది. వరండాలోంచి కొండ కనిపిస్తూనే ఉంది: పడుకొని నెమరేస్తున్న ఎనుము, తల మీద కొమ్ముల్లా రెండు బండలు. తొండం ఈ వైపుకు కనపడదు. అది ఊరివాళ్ల వైపు నుంచి చూస్తేనే.

జాయ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. బడి కాలనీలో కాదు, ఊళ్లో ఉండేది. పలక మీద 'ఎనుముకొండ' అని రాస్తే అయ్యవారు చెరిపేసి, "ఎనుము కాదురా, ఏనుగు" అని దిద్దించాడు. పిల్లలంతా విరగబడి నవ్వారు. బడి కిటికీలోంచి చూస్తే నిజంగానే ఏనుగు కనిపించేది. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా ఏనుగుకొండ అనే అన్నాడు. అమ్మ ఒక్కసారి కూడా దిద్దలేదు.

"బొమ్మ బాగుండాది జాయ్" అంది మారెమ్మ. "ఇది వాళ్ల ఏనుగు. మన ఎనుమును యాడ పోగొట్టినావురా?"