ఎర్రచందనం తాగిన నీళ్లు

కూడబలుక్కుంటూ నిదానంగా రాస్తున్నాను. అక్షరాలు తప్పుంటే మన్నించండి.

సముద్రం పక్క తోటపల్లి గూడూరు దగ్గర హజరత్తయ్య తన చేలో పెంచిన ఎర్రచందనం కొట్టించాడు. రొయ్యల గుంట తవ్వించే తొందరలో మోళ్లు కూడా పెకలించేశాడు. ఫారెస్టు వాళ్లొచ్చి మొద్దులు పట్టుకున్నారు.

"ఇవి కొండలో దొంగిలించినవి. నీ చేలో ఇన్ని చెట్లున్న గుర్తేది?"

జైలు తప్పదనుకుని ఆయనకు అన్నం సహించలేదు.

"మోళ్లన్నా ఉంచకపోతివి! ఇప్పుడు రొయ్యలొచ్చి సాక్ష్యం చెప్తాయా?" అని భార్య వెంకటశేషమ్మ దెప్పింది.

ఫారెస్టు వాళ్లు పిలిపిస్తే ల్యాబు నుంచి వినీల అనే అమ్మాయి వచ్చింది. మొద్దుల నుంచి, గట్టు మీద మిగిలిన ఒక్క ఎర్రచందనం చెట్టు నుంచి పుల్లంత కొయ్య తీసుకుంది.

"చెట్టు తాగిన నీళ్ల గుర్తు కొయ్యలో ఉంటుంది పెదనాయనా. కొండ నీళ్లు వేరు, ఇక్కడి నీళ్లు వేరు."

"ఇవి ఉప్పునీళ్లే తాగినాయమ్మా, పాపం," అన్నాడాయన.

నెలకు రిపోర్టు వచ్చింది. మొద్దులవీ గట్టు చెట్టుదీ ఒకటే నీళ్లని తేలింది. ఆఫీసరు మొద్దులు తీసుకుపొమ్మన్నాడు.

మర్నాడు గుంట తవ్వే మేస్త్రి, "ఈ చెట్టు అడ్డమన్నా, తీసేద్దామా?" అన్నాడు.

"గుంటే పక్కకు జరుపు," అన్నాడు హజరత్తయ్య.

పెంచలమ్మ, అరవై ఏడేళ్లు, ఇప్పుడు ఉండేది మనుబోలు.