ఎర్రగా పడిన ‘పెయిడ్’

నేను ఒక రబ్బరు స్టాంపును. పట్టుకోవడానికి ఒక కర్ర పిడి, దాని కింద బొటనవేలంత రబ్బరు ముక్క, దాని మీద తిరగేసి చెక్కిన ‘పెయిడ్’ అనే ఒక్క ఇంగ్లీషు మాట. నా ఒళ్లూ అంతే, నా చదువూ అంతే. అయినా పొగరుకేం తక్కువ లేదు లెండి. నేను పడితేనే కదా ఆసుపత్రి గేటు తెరుచుకునేది!

కలెక్టరాఫీసు సందులో ఖాజా మియా అనే ముసలాయన నన్ను చెక్కాడు. అదే పూట ‘డ్యూ’ అనే ఇంకో స్టాంపునూ చెక్కాడు. ఇద్దరినీ కలిపి ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్ వాళ్లు కొనుక్కుపోయారు. డబ్బు కట్టేసినవాళ్ల చీటీ మీద నేను, ఇంకా కట్టాల్సినవాళ్ల చీటీ మీద అది. నాకు నీలం సిరా, దానికి ఎర్ర సిరా. మమ్మల్ని చీటీల మీద గుద్దే పని క్యాషియరు దామోదర్‌ది.

నా మొహం మీద ఉన్నది ఒక్క మాటే గానీ, దానికి అర్థాలు మాత్రం మనిషికొకటి. ఒక పంతులుగారు కళ్లజోడు సవరించుకుని ‘చెల్లించబడినది’ అని కొడుక్కి పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఒక ముసలామె “పైసలు ముట్టినయన్నట్టా బిడ్డా?” అని అడిగి చీటీని కళ్లకద్దుకుంది. ఇంకొక రైతు “బాకీ తీరింది, దాంతోని ఎకరం గూడ పాయె” అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసింది. ఇన్ని అర్థాలున్న మాటను ఖాజా మియా చిటికెలో ఎలా చెక్కాడో!

గేటు దగ్గర కాపలా ఓదెలుది. చదువు రాని మనిషి. కొలువులో చేరిన రోజే దామోదర్‌తో చెప్పేశాడు, “నాకు అచ్చరాలు రావు సారూ, రంగు జెప్పుండ్రి, చాలు” అని. “నీలం ముద్రుంటే ఇడువు. ఎర్రగుంటే దేవుడొచ్చినా ఇడువకు” అన్నాడు దామోదర్. అయినా ఒకసారి ఇస్త్రీ బట్టల పెద్దమనిషి ఒకడు ఎర్ర ముద్ర చీటీ చూపించి, “కళ్లు కనపడ్తలేవా, పెయిడ్ అని రాసుంది!” అని దబాయించి, రోగిని కారులో ఎక్కించుకుని చక్కా పోయాడు. ఆ నష్టమంతా డాక్టరుగారు ఓదెలు జీతంలో కోసుకున్నారు. ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో నాకు తెలియదు. ఆనాటి నుంచి ఎవరేం చదివి వినిపించినా ఓదెలు చెవిన పెట్టేవాడు కాదు. రంగే చూసేవాడు.

ఇంతలో నా నీలం ప్యాడ్ ఎండిపోతూ వచ్చింది. కొత్తది కావాలని దామోదర్ అడిగితే, “నెలాఖరుకు చూద్దాంలే” అన్నారు డాక్టరుగారు. దామోదర్ ఆ ప్యాడ్ మీద నీళ్లు చిలకరించేవాడు, ఉమ్ముతో తడి చేసేవాడు. నేను ఎంత ముక్కినా చీటీ మీద దెయ్యం నీడలాగే పడేదాన్ని.

అట్లాంటి రోజుల్లో నారుమడిలో పాము కరిచిన రాజలింగును మోసుకొచ్చారు. మొదట కాస్త తేరుకున్నాడు గానీ, తర్వాత ఊపిరి అందడం మానేసింది. “శ్వాస మిషను మా దగ్గర లేదు. వెంటనే వరంగల్ తీసుకుపోండి, ఆలస్యమైతే మనిషి దక్కడు” అన్నారు డాక్టరుగారు. అదే నోటితో, “ముందు బిల్లు కట్టండి” అని కూడా అన్నారు.

అతని భార్య భూలక్ష్మి పాడిబర్రెను అమ్మిన డబ్బు కొంగులోంచి తీసి కౌంటరులో పోసింది. “జల్ది గానియ్యి సారూ, మనిషి కండ్లు తేలేస్తుండు” అంది. దామోదర్ నన్ను నీలం ప్యాడ్ మీద అదిమాడు. ఏమీ అంటలేదు. మళ్లీ అదిమాడు. అప్పుడు పాపం, ఆమె మీద జాలితోనే, నన్ను ఎర్ర ప్యాడ్‌లో ముంచి చీటీ మీద గుద్దాడు. ఏ రంగైతేనేం, అక్షరాలు అవే కదా అనుకున్నాడు. చదువుకున్నవాడికి అంతకంటే ఏం తోస్తుంది? బ్యాంకు మూసే వేళయిందని నోట్ల సంచీ పట్టుకుని, కౌంటరుకు తాళం వేసి, స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

కౌంటరు అద్దంలోంచి గేటు నాకు బాగా కనబడుతుంది. రాజలింగును ఎక్కించుకున్న అంబులెన్సు లోపలి నుంచి వచ్చి గేటు దగ్గర ఆగింది. ఓదెలు చీటీ చూశాడు, చేయి అడ్డం పెట్టాడు.

“తాతా, పెయిడ్ అనే ఉన్నదే!” అని అరిచాడు డ్రైవరు.

“గట్లనే జెప్పి పోయిండు ఇంకొకడు. నీలం ముద్ర ఏయించుకరాండ్రి.”

“బర్రెనమ్మి కట్టిన తాతా! పానం పోతుంది, నీ కాళ్లు మొక్కుత!”

“నా తాన ఏం లేదు బిడ్డా. నాకూ పిల్లలున్నరు. సార్నడుగు పో.”

భూలక్ష్మి పరుగెత్తుకొచ్చి కౌంటరు అద్దాన్ని రెండు చేతులా బాదింది. లోపల బల్ల మీద వెల్లకిలా పడి ఉన్నాను నేను. ఆమెకు కావలసిన జవాబు నా మొహం మీదే ఉంది. అరుద్దామంటే నోరు లేదు, దూకుదామంటే కాళ్లు లేవు. నా పొగరంతా ఆ పూటతో దిగిపోయింది. అటుగా వచ్చిన నర్సమ్మ, “డాక్టరు సారు ఆపరేషన్ల ఉన్నడు, క్యాష్ సార్ బ్యాంకుకు పోయిండమ్మా, ఇప్పుడే వస్తడు” అని చెప్పి వెళ్లిపోయింది. సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులవి. భూలక్ష్మి మళ్లీ గేటు దగ్గరికి ఉరికింది. మళ్లీ వచ్చి అద్దం బాదింది. “ఓ సారూ! ఓ సారూ!” అని లోపలి ఖాళీ కుర్చీని పిలిచింది.

దామోదర్ రావడానికి చాలాసేపే పట్టింది. గేటు దగ్గర గుంపును చూసి స్కూటరు కింద పడేసి, “ఇడువురా ఓదెలూ, కట్టిన్రు!” అని కేకేశాడు. గేటు తెరుచుకుంది. అంబులెన్సు రోడ్డు దాకా వెళ్లింది. దాటలేదు. అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి వచ్చింది. భూలక్ష్మి ఏడుపు ముందే వినబడింది.

దామోదర్ ఎందుకు ఆలస్యం చేశాడో అప్పుడు తెలిసింది. అతని జేబులో కొత్త నీలం ప్యాడ్ ఉంది. బజారులో సొంత డబ్బుతో కొనుక్కొచ్చాడు.

డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి చూసి తల అడ్డంగా ఊపారు. అలా చూసినందుకూ ఒక చీటీ వచ్చింది. సిగ్గులేని చీటీ! ఆ డబ్బు దామోదరే కట్టాడు. నన్ను కొత్త ప్యాడ్ మీద అద్ది చీటీ మీద గుద్దాడు. పుట్టాక ఎన్నడూ అంత చక్కగా పడలేదు నేను. నిగనిగలాడే నీలం. ఓదెలు దాన్ని చూసి, ఒక్క మాటా అడక్కుండా గేటు బార్లా తీశాడు.

సాయంత్రం ఓదెలు కౌంటరు దగ్గరికి వచ్చి నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

“సారూ, దీని మీద ఏం రాసుంటది?”

“పెయిడ్ అని.”

“అంటే?”

“పైసలు ముట్టినయని.”

“ఎర్రగ పడ్డా గదేనా?”

దామోదర్ తలెత్తలేదు. “ఏ రంగున పడ్డా గదే ఓదెలూ.”

ఓదెలు నన్ను బల్ల మీద పెట్టి, నడుముకు కట్టుకున్న గేటు తాళంచెవి విప్పి నా పక్కన పెట్టాడు. మర్నాటి నుంచి రాలేదు. ఇప్పుడు బిల్లులు కంప్యూటరు కొడుతోంది, గేటు మీట నొక్కితే లేస్తోంది. నేనూ ఆ తాళంచెవీ ఒకే సొరుగులో తుప్పూ దుమ్మూ పట్టి పడి ఉన్నాం.