రెండో కవరు

భర్త వెర్లిన్ గనికి తీసుకువెళ్ళిన నల్ల సంచీని రోవెనా మూడుసార్లు ఉతికింది. అయినా కుట్లలో ఇరుక్కున్న బొగ్గు పోలేదు. అందులోనే ఇప్పుడు కూతురి బట్టలు సర్దుతోంది. రెండు తువ్వాళ్ళు, అమ్మమ్మ కుట్టిన బొంత, ఇంట్లో కాచిన యాపిల్ జామ్ సీసా.

"అమ్మా, నన్ను కాలేజీకి పంపుతున్నావా, యుద్ధానికా?" అంది టెస్సీ. "ఆ సీసా పగిలిందంటే నాకంటే ముందు చీమలు చేరతాయి కాలేజీలో."

"పగలదులే. మేజోడులో చుట్టాను. మీ నాన్న పదహారేళ్ళు అలాగే పట్టుకెళ్ళాడు."

ఆ సంచీ వెళ్ళవలసింది అమెరికాలోని ఆ కెంటకీ కొండల్లోనే, రెండు గంటల దూరంలో ఉన్న కాలేజీకి. అక్కడ టెస్సీకి నర్సు చదువులో సీటు వచ్చింది. జూన్‌లో రెండు రోజులు ఉండి తన గది కూడా చూసి వచ్చింది. తలుపు మీద ఆమె పేరు రాసిన పసుపు అట్టముక్క అంటించారు. ఇక రావలసింది ప్రభుత్వం పేదపిల్లలకిచ్చే చదువు సహాయం ఒక్కటే. దానికి ఇంటి ఆదాయం ఇంత అని పన్నుల ఆఫీసు ధ్రువపరిచిన కాగితం కావాలి. 2022 ఆగస్టు వచ్చినా ఆ కాగితం రాలేదు.

ఎందుకు రాలేదో చదివేవారికి చెప్పాలి. వెర్లిన్ ఊపిరితిత్తుల నిండా బొగ్గు ధూళి చేరి 2020 నవంబరులో పోయాడు. దగ్గు మొదలైననాటి నుంచి డాక్టరుకు చూపించుకోమని భార్య అంటే, "చూద్దాంలే" అనేవాడు. ఏటా ఫిబ్రవరిలో వంటింటి బల్ల దగ్గర కూర్చుని పన్ను పత్రాన్ని తన చేత్తో రెండు ప్రతులు రాసేవాడు. ఒకటి పోస్టుకు, ఒకటి బిస్కెట్ల డబ్బాలోకి. అతను పోయాక వచ్చిన ఫిబ్రవరిలో, కంప్యూటరులో పంపితే పది నిమిషాల పనని లైబ్రరీలో అమ్మాయి చెప్పింది. రోవెనా ఒప్పుకోలేదు.

"మా ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద ఉండేది ఇదే ఆఖరిసారి. నేనే రాసుకుంటానమ్మా," అంది.

అతని పేరు పక్కన 'మరణించారు' అని రాయాలి. ఆ ఒక్క మాట రాయడానికి ఆమెకు ఒక సాయంత్రం పట్టింది. అతనిలాగే రెండు ప్రతులు రాసి, ఒకటి పోస్టు చేసి, ఒకటి డబ్బాలో పెట్టింది.

ఆ ఏడాది పన్నుల ఆఫీసులో చేత్తో రాసిన కాగితాలు చూసేవాళ్ళు చాలక కవర్లు విప్పకుండానే గుట్టలు పడ్డాయి. వేసవి గడిచింది. కొండల మీద ఆకులు ఎర్రబడి రాలాయి. ఫోను చేస్తే గంటసేపు సంగీతం వినిపించి తెగిపోయేది. డిసెంబరులో, కవరు దారిలో ఎక్కడో పోయి ఉంటుందన్న భయంతో, రోవెనా డబ్బాలోని ప్రతినీ, వెర్లిన్ జీతం చీటీలనూ రెండో కవరులో పెట్టి పంపింది. ఆ రోజు మంచి పని చేశాననుకుని నిశ్చింతగా పడుకుంది.

ఈ ఆగస్టులో తల్లీకూతుళ్ళు సంచీతో సహా కాలేజీకి వెళ్ళారు. అక్కడ చదువు సహాయాల విభాగం చూసే ఇమోజీన్ ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీలో ఉంది. ఆమెదీ ఆ కొండలే, గని కార్మికుడి కూతురు. కంప్యూటరులో చాలాసేపు చూసి కళ్ళజోడు తీసింది.

"ఒకే పేరు మీద రెండు పత్రాలు వెళ్ళాయమ్మా. ఏది అసలో తేలేదాకా రెండూ ఆపేస్తారు. పోనీ, ఇంట్లో ఉన్న నకలు మీద సంతకం పెట్టివ్వండి. నేను ఒప్పుకుంటాను. ఈ ఏడాది అలా ఒప్పుకోవచ్చన్నారు."

రోవెనా కూతురి వైపు చూసింది.

"నకలు ఉంచుకున్నారు కదా?"

"అదే పంపానండి. రెండోసారి పంపింది అదే."

"మరి జీతం చీటీలు? గని వాళ్ళనడిగితే మళ్ళీ ఇవ్వరూ?"

"గని మూసేశారండి. అడగడానికి గేటు దగ్గర కుక్క కూడా లేదు."

టెస్సీ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. బయట పిల్లలు దిండ్లు, దీపాలు మోసుకుంటూ వాళ్ళ గదులకు వెళ్తున్నారు.

"జనవరిదాకా సీటు ఉంచుతాను తల్లీ," అంది ఇమోజీన్. "వస్తావుగా?"

"వస్తానండి. నా పేరు తీసెయ్యకండి."

కాలేజీ గేటు ఎదురుగానే లూయీవిల్ నగరానికి వెళ్ళే బస్సు ఆగుతుంది. ఆ నగరంలో టెస్సీ పిన్ని కూతురు ఒక సరుకుల గోదాములో పనిచేస్తోంది. అక్కడ మనుషులు కావాలని ఎప్పటినుంచో పిలుస్తోంది.

"ఇంటికి పోదాం పదవే," అంది రోవెనా.

"ఇంట్లో కూర్చుని పోస్టుమేన్‌ని బెదరగొడదామా? నాలుగు నెలలేగా అమ్మా. సంచీ ఎలాగూ సర్దే ఉంది." నవ్వుతూ జామ్ సీసా తీసి తల్లి చేతిలో పెట్టింది. "ఇది నువ్వుంచు. జనవరిలో వచ్చి తింటాను."

జనవరిలో కాగితం రాలేదు. మార్చిలో వచ్చింది. రోవెనా గుమ్మంలో నిలబడే ఫోను చేసింది. అవతల యంత్రాల మోత.

"వచ్చిందే! అంతా సరిగానే ఉందట. ఆగస్టుకు చేరొచ్చు."

"మంచిదమ్మా. ఇక్కడ నన్ను మా వరుసకి పెద్దని చేశారు. అద్దె ఇంటికి ఏడాదికి సంతకం కూడా పెట్టాను." అవతల ఎవరో ఆమెను పిలిచారు. "చూద్దాంలే," అంది టెస్సీ.

రోవెనా ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. ఆ గొంతు కూతురిదే. మాట మాత్రం వెర్లిన్‌ది.

ఆ కాగితం పట్టుకుని ఆమె ఒక్కతే కాలేజీకి వెళ్ళింది. ఇమోజీన్ చదివి, మడిచి, బల్ల సొరుగు లాగింది. లోపల పసుపు అట్టముక్కలు, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క పేరు. పైనే టెస్సీది.

"తప్పు నాదేనండి," అంది రోవెనా. "ఆ రెండో కవరు పంపకుండా ఉండాల్సింది."

"కాదమ్మా. రాసిన కాగితానికి పదినెలలు జవాబు లేకపోతే ఏ తల్లయినా మళ్ళీ రాస్తుంది. వీళ్ళంతా వస్తామని చెప్పి వెళ్ళినవాళ్ళే. ఒక్కరినీ ఎవరూ వద్దనలేదు. ఆగమన్నారు, అంతే. ఉన్నవాళ్ళ పిల్లలు ఆగగలరు. లేనివాళ్ళ పిల్లల్ని ఆగమంటే వాళ్ళు బతుకు వెతుక్కుంటూ వెళ్ళిపోతారు. పేదవాడి కాగితాన్ని ఆలస్యం చెయ్యడమంటే కాదనడమే. ఆ మాట ఆ కవర్ల గుట్టల పక్కన కూర్చునే ప్రతివాడికీ తెలియాలి."

రోవెనా ఆ అట్టముక్క అడిగి తీసుకుంది. ఇప్పుడది వంటింట్లో, మూత తియ్యని జామ్ సీసాకి ఆనించి ఉంది.

టెస్సీ 2022 ఆగస్టు పంతొమ్మిదిన ఆ కాలేజీ గేటు దాటి బస్సెక్కింది. మళ్ళీ రాలేదు.