మడుగు దోవలో నాలుగంతస్తులు

మా తోడికోడలు స్వాతి ఆ ఆదివారం నాతో నడవడానికి రాలేదు, నా మీద కాపలాకు వచ్చింది.

ప్రొద్దుటూరులో మాది ఉమ్మడి కుటుంబం. కింద బట్టల అంగడి, పైన మేము. ఆదివారం అంగడి మూసేసి మగవాళ్లు నిద్రపోతారు. నేను జమ్మలమడుగు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో మైలవరం జలాశయం దాకా పోతాను. గట్టు వెనక తుమ్మచెట్లలో పడి మడుగు దాకా నడిచి, సాయంత్రానికి ఇల్లు చేరతాను. జీలకర్ర ఎక్కడుందని నన్నెవరూ అడగని రోజు వారంలో అదొక్కటే.

"నడవాలంటే మిద్దె మీద నడవచ్చు గదా. ఆ కంపలో ఏముందని పోతాంది అక్క?" అని స్వాతి మా అత్త చెవిలో వేసింది.

అత్త తీర్పు చెప్పింది. "నువ్వూ పోయి చూసిరా మే. బాగలేదంటే ఈ వారంతో ఆపిచ్చేద్దాం."

అట్లా నా ఆదివారాలు స్వాతి నోటికి చిక్కాయి. ఆ నోటి నుంచి ఇంతవరకు నా పుల్లగూర గురించి కూడా ఒక మంచిమాట రాలేదు.

జరీ అంచు చీర కట్టుకుని, పెళ్లికి వేసుకునే చెప్పులతో బయలుదేరింది. ఆ దోవలు బర్రెలు తొక్కి చేసినవి, ఎక్కడపడితే అక్కడ చీలిపోతాయి. చీలిన ప్రతిచోటా సరైన దోవ పక్కన రాయి మీద రాయి పేర్చి నేను గుర్తులు పెట్టుకున్నాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. అడిగితే కదా!

"అక్కా, ఇంగెంత దూరం?"

"నోరు మూసుకుంటే దగ్గరే."

"అత్తకు చెప్తా."

"అందుకే గదా నిన్ను పంపిచ్చింది."

మడుగు దగ్గర జమ్ములో నీటికోళ్లు తిరుగుతున్నాయి. స్వాతి కొంగుతో మొహం తుడుచుకుంది.

"కోళ్లు చూసేదానికి ఇంత దూరమా? మన వీధి చివర కోళ్లంగడి లేదా? నీ కొంగల్ని నువ్వే చూసుకో. నేను ఆటో కాడ ఉంటా."

ఆమె పోయాక మడుగు మళ్లీ నాదైంది. తనివితీరా కూర్చుని లేచాను.

దోవ చీలే చోటికొచ్చి నిలబడిపోయాను. రెండువైపులా పేర్చిన రాళ్లే. ఏది నా గుర్తో తెలియలేదు. ఎత్తుగా ఉన్నదాని వెంట పోయాను. ఆ దోవ చివర బురదలో మోకాళ్ల దాకా దిగబడి స్వాతి కనిపించింది. చేతిలో ఇంకో రాయి.

"ఆడేం చేస్తాండావు?"

"కనపడల్యా? చెయ్యియ్యి!"

"నా గుర్తులన్నీ ఎందుకు పాడు చేసినావు?"

"నీ గుర్తులా? ఎవరో మొక్కుకుని పెట్టినారనుకుని నేనూ పెడ్తి."

అప్పుడు నాకు వెలిగింది. కొండదారుల్లో మావాళ్లు రాయి మీద రాయి పేర్చేది ఒక్కదానికే, సొంత ఇల్లు కావాలని. అందరం ఒక కప్పు కింద ఉండగా ఈమెకు ఇల్లెందుకు? వేరు కాపురానికి! మా అత్త ముందు ఆ మాట ఎత్తడం కంటే అంగడికి నిప్పు పెట్టడం సులువు.

స్వాతికీ తెలిసిపోయింది, నాకు తెలిసిపోయిందని.

"అత్తకు చెప్పద్దక్కా."

"ఎన్ని అంతస్తులు?"

"నాలుగు."

"మీ ఇద్దరికి నాలుగంతస్తులా!"

"కింద మూడు బాడుగకిస్తాం. ముందు నన్ను లాగు."

లాగాను. ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది. దోవ వెతుక్కుంటూ, ఒకరి పుట్టింటిని ఒకరు తిట్టుకుంటూ ఆటో చేరాం.

ఇల్లు చేరేసరికి అత్త వాకిట్లోనే కూర్చోనుంది. "ఎట్లుంది మే?"

స్వాతి నా వైపు చూసింది. నేను గోడ గడియారం వైపు చూశాను.

"ఏముందత్తా, నీళ్లు, కొంగలు. అక్క పోతే పోనీలే."

"ఇంగో చెప్పు యాడ?"

"కుక్క ఎత్తుకపోయింది" అన్నాను నేను.

దీన్ని స్నేహం అనుకోవద్దు. ఆ పూటే నా పప్పులో ఉప్పు లేదని అత్తకు చెప్పింది ఆమే.

మరుసటి ఆదివారం పోయి దొంగ గుర్తులన్నీ పడదోశాను. బురద పక్కన నాలుగు రాళ్ల మేడ మాత్రం నిలిచే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. అటూ ఇటూ చూసి, నునుపైన రాయి ఒకటి ఏరి, జాగ్రత్తగా ఐదో అంతస్తు ఎక్కించాను.

ఆ ఇల్లు లేవాలని ఆమె కంటే నాకే తొందరెక్కువ.