ప్రెసిడెంటు గారి వానాకాలం చదువు

తిరువూరులో ఎవరి పూర్వాపరాలు ఎవరికి తెలియవు గనక! ఫలానా ఆయన తాత ఏ ఊరి నుంచి వచ్చాడో, ఎవరితో ఎందుకు మాట మానేశాడో, బస్టాండులో ఒక టీ తాగేలోపు చెప్పేవాళ్ళు పదిమంది దొరుకుతారు. కాని ఊరికి తెలిసింది కాగితానికి తెలియదు. కాగితానికి అంతా మళ్ళీ మొదటినుంచీ చెప్పుకోవాలి, అదీ ఇంగ్లీషులో. గీతాంజలికి చిక్కు వచ్చింది అక్కడే.

గంపలగూడెం రోడ్డులో ఆమె పనిచేసే బడిని అందరూ తోటబడి అంటారు. అసలు పేరు బోర్డు మీద బారెడు ఉంది గాని ఎవరూ పలకరు. పెనుగొలను రైతు బసవపున్నయ్య గారు ఇరవై ఎనిమిదేళ్ళ కిందట తన మామిడితోటలో నాలుగెకరాలు ఇస్తే లేచిన బడి అది. ఆనాటినుంచీ పాలకవర్గానికి ఆయనే ప్రెసిడెంటు. ఇప్పుడు ఢిల్లీ బోర్డు గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టారు. పాలకవర్గంలో ఉన్న అయిదుగురూ ఏం చదివారో, ఏం చేశారో మనిషికో పేజీ రాసి, వాళ్ళ సంతకాలతో పంపమన్నారు. ఆఫీసు చూసేది గీతాంజలి కాబట్టి పని ఆమె నెత్తిన పడింది.

మిగతా నలుగురితో ఇబ్బంది లేదు. సెక్రటరీ మురళీకృష్ణ ఇంజనీరు, పత్తి మిల్లు ఉంది. సరోజినీదేవి గారు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. జగన్నాథరావు గారు డాక్టరు. కిరాణా హోల్‌సేలు సీతారామాంజనేయులు గారు బీకాం అన్నారు, కాపీ కూడా ఇచ్చారు. బసవపున్నయ్య గారి దగ్గరికి మాత్రం ఆమె పెనుగొలను వెళ్ళి అడిగింది. ఆమెదీ ఆ ఊరే, ఆయన్ని పెదనాన్నగారూ అని పిలుస్తుంది. తోటబడి మొదటి బ్యాచిలో పలకబలపంతో కూర్చున్న పిల్లల్లో ఆమె ఒకతె. ఆయన పశువులకు కుడితి కలుపుతూ, వెనక్కి తిరక్కుండానే, మనదేముందమ్మా వానాకాలం చదువు, అదే రాసుకో అన్నారు. ఆమె నవ్వుకుని అదే మాట రాసుకుంది.

తరువాత అయిదు పేజీలూ ఫోనులో వేసి ఇంగ్లీషులోకి మార్చింది. ఫోనుకి మన సామెతలేం తెలుసు? వానాకాలం అంటే మాన్‌సూన్, చదువు అంటే స్టడీస్. బసవపున్నయ్య గారి విద్యార్హత దగ్గర మాన్‌సూన్ స్టడీస్ అని వచ్చి కూర్చుంది. వానలొస్తే కారే పాకలో, తెరిపిచ్చినప్పుడు చదివిన చదువు కాస్తా వానల మీద పరిశోధన అయిపోయింది. గీతాంజలి పగలబడి నవ్వి, దిద్దబోయింది.

సరిగ్గా అప్పుడే మురళీకృష్ణ ఆఫీసులోకి వచ్చాడు. కుర్చీ లాక్కుని, ప్రెసిడెంటు పేజీలో ఏం రాస్తున్నావు, మూడో తరగతి అనా, అని అడిగాడు. ఢిల్లీ నుంచి తనిఖీకి వచ్చేవాళ్ళు అది చూసి పెదవి విరిస్తే ఆయన్ని గౌరవంగా ఇంటికి పంపి, ఆ చోటులో శ్వేతని పెడదామనుకుంటున్నాం అన్నాడు. శ్వేత అతని భార్య, ఎంటెక్ చదివింది. తీర్మానం కూడా టైపు చేయించి ఉంచానన్నాడు. అతను వెళ్ళాక గీతాంజలి తెర మీది రెండు మాటల వంకా చాలాసేపు చూసింది. భూమి ఇచ్చిన మనిషిని మూడో తరగతి అని చెప్పి గెంటేస్తారా అని ఒళ్ళు మండింది. ఆ రెండు మాటలూ దిద్దలేదు. అలాగే ప్రింటు తీసింది.

ఇక సంతకాల సంగతి. తోటబడిలో ఒక పద్ధతి ఉంది. సంతకం పెట్టాల్సిన చోట గీతాంజలి పెన్సిలుతో చిన్న ఇంటూ మార్కు పెడుతుంది. సభ్యులు ఇంటూ కోసం వెతుక్కుని, కాఫీ తాగుతూ, మామిడి ధర మాట్లాడుకుంటూ సంతకాలు పడేస్తారు. పన్నెండేళ్ళుగా ఒక్కరు ఒక్క లైను చదివిన పాపాన పోలేదు. ఆమె మీద అంత నమ్మకం అనుకోండి, అంత బద్ధకం అనుకోండి. బసవపున్నయ్య గారూ అలాగే తెలుగులో పొడుగ్గా సంతకం పెట్టారు. ప్రతి పేజీ అడుగున ‘పరిశీలించాను’ అన్న చోట సెక్రటరీ సంతకం కూడా పడింది.

తనిఖీకి ఇద్దరు వచ్చారు. ఒకావిడ నాగపూరులో పెద్ద బడి ప్రిన్సిపాలు, తెల్లజుట్టు, మెడలో కళ్ళజోడు. ఇంకొకాయన ఒరిస్సా మనిషి, మాట్లాడడు, రాసుకుంటాడు. ఉదయం పదిన్నరకి ప్రిన్సిపాలు గదిలో పాలకవర్గమంతా బల్ల చుట్టూ కూర్చుంది. బసవపున్నయ్య గారు ఇస్త్రీ పంచెలో పెళ్ళివారింటికి వచ్చినంత ముచ్చటగా ఉన్నారు. ఇంగ్లీషు, హిందీ చెప్పడానికి గీతాంజలిని ఆయన పక్కన నిలబెట్టారు. నిలబెట్టింది మురళీకృష్ణే.

నాగపూరు ఆవిడ పేజీలు తిప్పుతోంది. భవనం కాగితాలు, నీళ్ళ పరీక్ష కాగితాలు, టీచర్ల జాబితా. ఒక్కో పేజీ తిరుగుతుంటే గీతాంజలి లెక్కపెడుతోంది. ప్రెసిడెంటు పేజీ ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఇవతల ఇంకా ఆరు కాగితాలున్నాయి, అయిదున్నాయి. ఆవిడకి ఫోను రాకూడదా, కరెంటు పోకూడదా అని మొక్కుకుంది. తిరువూరులో వద్దన్నా పోయే కరెంటు ఆ పూట పోలేదు.

ఆవిడ చెయ్యి ఆగింది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివింది. ముఖం వికసించింది. తాను కూడా భూగోళశాస్త్రం టీచర్నేననీ, ఋతుపవనాల మీద చదివిన రైతు పాలకవర్గంలో ఉండటం ఏ బడిలోనూ చూడలేదనీ, ఎక్కడ చదివారో తెలుసుకోవాలనుందనీ ఇంగ్లీషులో అంది. డాక్టరు గారు తలెత్తారు. సరోజినీదేవి గారు కనుబొమ్మలు ముడిచారు. మురళీకృష్ణ మాత్రం కుర్చీలో వెనక్కి వాలాడు. అతను ముందే చూశాడని గీతాంజలికి అప్పుడు అర్థమైంది. చూసి, దిద్దమనకుండా, ఈ క్షణం కోసం కాచుకుని ఉన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారే, అదే.

"ఏమంటున్నారమ్మా ఆవిడ?" అని బసవపున్నయ్య గారు అడిగారు.

ఆమె బల్ల మీది పేజీ వంక చూసింది. మురళీకృష్ణ, చెప్పు గీతాంజలీ, పెద్దాయన అడుగుతున్నారుగా అన్నాడు. వానల గురించి మీరు ఎక్కడ చదువుకున్నారని అడుగుతున్నారండీ అని ఆమె నేల చూస్తూ చెప్పింది.

ఆయన ఫక్కున నవ్వారు. వానల గురించి చదవటమేంటి, వాన వచ్చి చదువు పోయింది అన్నారు. ఉత్సాహంగా మొదలుపెట్టారు. తమ ఊళ్ళో పాకబడి, పైన తాటాకు, చినుకు పడితే పంతులుగారు పలకలు నెత్తిన పెట్టుకుని ఇళ్ళకి పొమ్మనేవారు. ఆ వానకే పొలంలో నాట్లు పడేవి, నాన్న చెయ్యి పట్టుకు లాక్కుపోయేవాడు. అలా మూడో తరగతి రెండేళ్ళు చదివి, అది కూడా పూర్తి కాకుండానే కాడి పట్టారు. ఆ మాటలు చెబుతున్నంతసేపూ ఆయన ముఖంలో దాపరికం లేదు. ఆయనకి తెలియదుగా కాగితం మీద ఏముందో.

నాగపూరు ఆవిడ పెన్ను పట్టుకుని గీతాంజలి వంక చూస్తోంది. ఒరిస్సా ఆయన కూడా. ఇప్పుడు ఏదో ఒకటి అల్లి చెప్పొచ్చు. డాక్టరు గారూ, హెడ్‌మిస్ట్రెస్ గారూ పెద్దమనుషులు, నోరు మెదపకపోవచ్చు. కాని మురళీకృష్ణ ఊరుకోడు. గీతాంజలి ఆలోచించింది అదొక్కటే కాదు. ఈయన నిజం చెప్పి ఇంత హాయిగా నవ్వుతుంటే, ఈయన పక్కనే నిలబడి అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పింది. ఆ నానుడి అర్థం కూడా చెప్పింది.

ఆవిడ ముఖంలో నవ్వు మాయమైంది. పాలకవర్గంలో ఉండటానికి డిగ్రీ అక్కర్లేదు, మూడో తరగతి అని రాసుంటే దస్కత్తు పెట్టి పేజీ తిప్పేదాన్ని, కాని ఇది తప్పుడు సమాచారం, దీనికి ఎవరు బాధ్యులు అని అడిగింది.

"సంతకం ప్రెసిడెంటు గారిది మేడమ్," అన్నాడు మురళీకృష్ణ. తన ఫైలులోంచి కాగితం తీశాడు. ఇలాంటిది జరిగితే ఊరుకోబోమనీ, ఇప్పుడే మీ ఎదుటే తీర్మానం చేస్తామనీ, అయిదుగురిలో ముగ్గురి సంతకం ఉంటే చాలనీ గడగడా చెప్పాడు.

"రాసింది నేను," అంది గీతాంజలి. ముందు ఇంగ్లీషులో అంది. తరువాత ఆయన వైపు తిరిగి, డిగ్రీ అక్కర్లేదని ఆవిడ అన్న మాటా, తీర్మానం సంగతీ తెలుగులో చెప్పి, అంది. "మీ చదువు తప్పుగా పడింది పెదనాన్నగారూ. నాకు తెలుసు. తెలిసే దిద్దలేదు."

"ఎందుకని?"

"మూడో తరగతి అని రాయటానికి చెయ్యి రాలేదండీ. మిమ్మల్ని తీసేస్తారని."

బసవపున్నయ్య గారు ఆమె వంక చూడలేదు. బల్ల మీద తన రెండు చేతుల వంకా చూసుకున్నారు.

"నాకు చదువు లేదని నేనే చాలా ఏళ్ళు సిగ్గుపడ్డానమ్మా," అన్నారు. "ఎవరి పెళ్ళికెళ్ళినా శుభలేఖ చదవమంటారేమోనని వెనకాల నిలబడేవాణ్ణి. ఆ సిగ్గు పోయింది ఈ బడి కట్టాకే. ఇందులో చదివిన పిల్లవి, నువ్వు మళ్ళీ దాన్ని తెచ్చి నాకు అంటగట్టావు."

ఉద్యోగం పోతుందేమోనన్న భయం గీతాంజలికి అప్పటిదాకా ఉంది. ఈ మాటతో అది చాలా చిన్నదైపోయింది.

ఆయన చెయ్యి చాపి తీర్మానం కాగితం అడిగి తీసుకున్నారు. ఆమె చేతికిచ్చి, చదువు, ఈసారి విని పెడతాను సంతకం అన్నారు. ఆయన్ని తీసేసే కాగితం ఆయనకే ఆమె చదివి వినిపించాల్సి వచ్చింది. శ్రీ బసవపున్నయ్య గారికి తగిన విద్యార్హత లేనందున అధ్యక్ష పదవి నుంచి తొలగించడమైనది. ఆమె రెండుసార్లు ఆగింది. ఆయన చేత్తో కానిమ్మన్నట్టు సైగ చేశారు. అంతా అయ్యాక, ఒక్క మాట తప్పు పడింది అన్నారు.

"విద్యార్హత లేదని కొట్టెయ్. ఆవిడే చెప్పారుగా అక్కర్లేదని. చదవకుండా సంతకం పెట్టినందున, అని రాయి. నేను చేసిన తప్పు అదీ."

ఆమె కొట్టేసి, పైన రాసింది. ఆయన కింద తన సంతకం పెట్టి, కాగితం సీతారామాంజనేయులు గారి వైపు జరిపారు.

సీతారామాంజనేయులు గారు పెన్ను తీశారు. కొట్టేసిన చోట రాసింది చదివారు. మరోసారి చదివారు. ఆయన చూపు బల్ల మీదున్న ఫైలు మీదికి పోయింది, అందులో ఆయన పేజీ కూడా ఉంది, అందులో ఏముందో ఆయనకీ తెలియదు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టయింది. పెన్ను మూత పెట్టి, కాగితం డాక్టరు గారి ముందుకి తోశారు. డాక్టరు గారు దాన్ని ముట్టుకోలేదు.

సరోజినీదేవి గారు చెయ్యి చాపి తీర్మానం అందుకున్నారు. ఆవిడ దాన్ని పక్కనపెట్టి, ఫైలులోంచి బసవపున్నయ్య గారి పేజీ తీసి, అడుగున వేలు ఆనించారు.

"మురళీ, ఇక్కడ పరిశీలించాను అని నీ సంతకం ఉంది. చదివి పెట్టావా, చదవకుండా పెట్టావా?"

చదివానంటే తెలిసి తెలిసి తప్పు పంపినట్టు. చదవలేదంటే ఆ తీర్మానంలో ప్రెసిడెంటు పక్కన తన పేరూ చేరినట్టు. అందరం బిజీగా ఉంటాం కదా మేడమ్ అని మురళీకృష్ణ సణిగాడు. నాగపూరు ఆవిడ ఏం జరుగుతోందని అడిగింది. గీతాంజలి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ అయిదు పేజీలూ ఫైలులోంచి ఊడదీసి బల్ల మీద పరిచి, ఎవరిది వాళ్ళు చదువుకుని, దిద్దుకుని, సాయంత్రం నాలుగులోపు మళ్ళీ సంతకాలు చేసివ్వమంది. తీర్మానం మీద ఒక్క సంతకమే ఉంది, అది చెల్లదు అంది. లేచి ల్యాబు చూడటానికి బయల్దేరింది. మురళీకృష్ణ దారి చూపిస్తూ వెనక నడిచాడు. మిగతా ముగ్గురూ కళ్ళజోళ్ళు వెతుక్కుంటూ, తమ పేజీలు పట్టుకుని స్టాఫ్‌రూముకి పోయారు.

గదిలో ఆయనా, ఆమే మిగిలారు. గీతాంజలికి కాళ్ళ మీద పడి ఏడవాలనిపించింది. కాని ఆయన ఏడవనిచ్చే ముఖంతో లేరు. కొత్త పేజీ తెచ్చుకో, రాద్దాం అన్నారు. పుట్టిన ఊరు, వయసు, సాగు చేసే పంటలు చెప్పారు. ఆమె ఒక్కో లైనూ ఇంగ్లీషులో రాసి, తెలుగులో చదివి వినిపించింది. చదువు దగ్గర మూడో తరగతి అని రాసింది. చివర అలవాటుగా పెన్సిలు తీసి ఇంటూ మార్కు పెట్టి, కాగితం ఆయన ముందుంచింది.

పన్నెండేళ్ళలో మొదటిసారి ఆయన ఇంటూ కోసం వెతకలేదు. పై నుంచి ఒక్కో లైను మీదా వేలు నడిపారు. ఒకచోట ఆపి, ఇందులో మూడు ఎక్కడుంది అని అడిగారు. ఆమె చూపించింది. ఆయన ఆ ఇంగ్లీషు అక్షరాల వంక కాసేపు చూశారు.

"అక్షరాలొద్దులేమ్మా. అంకె వెయ్యి. అంకెలు నాకు తెలుసు."

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. కోపమే ఉంటే ఆమె భరించగలిగేది. కళ్ళు తుడుచుకుని, అక్షరాలు కొట్టేసి, పక్కన 3 వేసింది. ఆయన దాన్ని దగ్గరగా చూసి, సరిగ్గానే ఉందని నమ్మకం కుదిరాక, సంతకం పెట్టారు.